కార్చిచ్చు పొరుగున ఉంటే: ఇల్లు వదలడానికి ఎప్పుడు, ఎలా సిద్ధం కావాలి?

2018 నవంబరు 8 ఉదయం ఆరున్నర ప్రాంతంలో అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో, ఒక విద్యుత్ ప్రసార లైను కింద నిప్పు పుట్టింది. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో పారడైజ్ అనే పట్టణం ఉంది. జనాభా సుమారు 26 వేలు. నెలల తరబడి వాన లేదు, పొడిగాలి బలంగా వీస్తోంది. మంట పుట్టిన గంటన్నరలోనే పట్టణంలో నిప్పురవ్వలు రాలడం మొదలైంది. ఆ రోజు మొదలైన కార్చిచ్చులో 85 మంది చనిపోయారు. 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. మృతుల్లో ఎక్కువమంది 65 ఏళ్లు దాటినవారు. కొందరు దారిలో కార్లలోనే చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు.

పారడైజ్ ఏమరుపాటుగా ఉన్న ఊరేమీ కాదు. పట్టణాన్ని జోన్లుగా విభజించారు. ఒక జోను తరవాత మరో జోను ఖాళీ చేయాలన్న పథకం ఉంది. దాన్ని అభ్యాసం కూడా చేశారు. అయితే మంట ఒక అంచు నుంచి మొదలై వరసగా ముందుకు వస్తుందన్న అంచనా మీద ఆ పథకం నిలబడింది. జరిగింది వేరు. రవ్వలు గాలిలో ఎగిరి ఊరు నడిమధ్య ఒకేసారి అనేక చోట్ల నిప్పు పెట్టాయి. అందరూ ఒకే సమయంలో రోడ్డెక్కవలసి వచ్చింది.

అడవి పక్కన, గడ్డి మైదానాల పక్కన, కొండవాలుల మీద నివసించేవారు ప్రపంచమంతటా పెరుగుతున్నారు. కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కార్చిచ్చు కాలం ఇప్పుడు ఏటా ఎదురయ్యే అనుభవం. మన దేశంలో ఉత్తరాఖండ్ కొండ గ్రామాల నుంచి నల్లమలలోని చెంచు గూడేల దాకా వేసవి వస్తే అడవి మంట పొరుగునే ఉంటుంది. అలాంటి చోట ప్రాణాలు దక్కించుకోవాలంటే ధైర్యంతో పాటు మంట ఎలా నడుస్తుందో తెలియాలి. ఏ క్షణాన కదలాలో ముందే నిర్ణయించుకుని ఉండాలి.

మంట నడక

నిప్పు అంటుకోవడానికి మూడు కావాలి: వేడి, ఇంధనం, ఆక్సిజన్. అంటుకున్న నిప్పు అడవిలో ఎంత వేగంగా, ఎటు పోతుందో తేల్చేవి మరో మూడు: ఇంధనం, వాతావరణం, నేల వాలు.

ఇంధనం అంటే ఇక్కడ ఎండుటాకులు, గడ్డి, చిదుగులు, పొదలు, చెట్లు. వీటిలో సన్నవే ప్రమాదకరం. పెద్ద మొద్దు ఎండడానికి వారాలు పడుతుంది. గడ్డిపోచ ఒక్క మధ్యాహ్నం ఎండకే పెళపెళలాడుతుంది. అందుకే గడ్డి మంట అడవి మంట కంటే వేగంగా పరుగెత్తుతుంది. హిమాలయ సానువుల్లో చిర్ పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు వేసవిలో రాలి నేల మీద మందంగా పరచుకుంటాయి. వాటిలో జిగురు ఉంటుంది కాబట్టి తేలిగ్గా అంటుకుంటాయి. ఉత్తరాఖండ్ మంటలకు ఇదొక ప్రధాన కారణం. మన వైపు ఆకురాల్చే అడవుల్లో ఫిబ్రవరి నుంచి టేకు, మద్ది, తునికి వంటి చెట్ల ఆకులు నేలను కప్పేస్తాయి.

వాతావరణంలో మూడు విషయాలు చూడాలి: వేడి, గాలిలో తేమ, గాలి వేగం. తేమ తగ్గినకొద్దీ ఎండుటాకు మరింత ఎండుతుంది. గాలి మంటకు ఆక్సిజన్ అందించడమే కాక దాన్ని ముందుకు వంచుతుంది. వంగిన మంట ముందున్న గడ్డిని తాకకముందే వేడి చేసి సిద్ధం చేస్తుంది. గాలి దిశ మారితే ప్రమాదం మరీ ఎక్కువ. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 173 మంది చనిపోయిన రోజును అక్కడివారు 'బ్లాక్ సాటర్‌డే' అంటారు. ఆ రోజు మెల్‌బోర్న్‌లో ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలు. సాయంత్రం గాలి ఒక్కసారిగా దిక్కు మార్చుకుంది. అప్పటిదాకా పొడుగ్గా, సన్నగా పోతున్న మంట పక్క అంచు మొత్తం కొత్త ముఖంగా మారి ఊళ్ల మీదికి తిరిగింది. చల్లగాలి వచ్చిందని ఊపిరి పీల్చుకోవాల్సిన సమయమే అత్యంత ప్రమాదకరమైంది.

మూడోది వాలు. సమతలం మీద కంటే కొండ ఎక్కేటప్పుడు మంట వేగంగా పోతుంది. మనం ఎక్కేటప్పుడు ఆయాసపడతాం. మంట సంగతి దీనికి తారుమారు. వేడి గాలి పైకి లేస్తుంది. పై వాలు మీది గడ్డి మంటకు దగ్గరగా ఉంటుంది. రెండూ కలిసి ముందున్న ఇంధనాన్ని ఎండబెడతాయి. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది అగ్నిమాపక సిబ్బంది వాడే స్థూలమైన సూత్రం. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవారిని చుట్టుముట్టిన మంట 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎండిన గడ్డి, నిటారు వాలు, గాలి ఒక చోట కలిస్తే మనిషి పరుగు సరిపోదని అది చెప్పిన చేదు పాఠం.

ఇల్లు ఎందుకు అంటుకుంటుంది?

కార్చిచ్చు అనగానే ఎత్తైన మంటల గోడ వచ్చి ఇంటిని మింగేస్తున్నట్టు ఊహించుకుంటాం. నిజానికి చాలా ఇళ్లు అంటుకునేది గాలిలో వచ్చిన రవ్వల వల్ల. మండుతున్న బెరడు ముక్కలు, ఆకులు, పుల్లలు వేడి గాలితో పాటు పైకి లేచి, మంట కంటే ముందుగా చాలా దూరం పోయి పడతాయి. కిలోమీటరు దాటి పడటం అరుదేమీ కాదు. అవి పడిన చోట ఎండుటాకుల కుప్ప ఉంటే కొత్త మంట పుడుతుంది. కడిగిన సిమెంటు గచ్చు ఉంటే ఆరిపోతాయి.

అమెరికా అటవీ సేవా విభాగంలో పనిచేసిన జాక్ కోహెన్ ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. కెనడా ఉత్తర ప్రాంతంలో అడవికి పరీక్ష కోసం నిప్పుపెట్టి, వేర్వేరు దూరాల్లో చెక్క గోడలు నిలబెట్టి చూశారు. చెట్ల కొనల దాకా ఎగసిన ఆ మంటలకు 10 మీటర్ల దూరంలోని గోడల్లో కొన్ని అంటుకున్నాయి. 20 మీటర్లు, 30 మీటర్ల దూరంలో ఉన్నవి అంటుకోలేదు. కారణం, మంట నుంచి వచ్చే ఉష్ణ వికిరణం దూరంతో పాటు వేగంగా తగ్గిపోతుంది. పైగా మంట ముఖం ఒక చోట కొద్ది నిమిషాలే నిలుస్తుంది. దీన్నిబట్టి ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది అడవి ఎంత పెద్దదన్న దానికంటే ఇల్లు, దాని చుట్టూ ఉన్న 30 మీటర్ల నేల ఎలా ఉన్నాయన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఇది నిరాశపరిచే విషయం కాదు. ఆ 30 మీటర్లూ చాలావరకు మన చేతుల్లో ఉన్నవే.

ఇంటి చుట్టూ మూడు వలయాలు

కాలిఫోర్నియాలో ఇంటి పరిసరాలను మూడు వలయాలుగా చూస్తారు. ఈ లెక్క మన పల్లెలకూ పనికొస్తుంది.

మొదటిది గోడ నుంచి ఐదు అడుగుల దాకా. ఇక్కడ కాలే వస్తువేదీ ఉండకూడదు. గోడకు ఆనించిన కట్టెల మోపు, పిడకల గూడు, ఎండుగడ్డి, అట్టపెట్టెలు, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మం ముందు గోనెపట్టా అన్నీ రవ్వకు ఆశ్రయమిచ్చేవే. చూరు కింద, పెంకుల సందుల్లో, డాబా మీద నీరు పోయే తూముల దగ్గర చేరిన ఆకులనూ ఊడ్చేయాలి. గాలి కోసం వదిలిన కంతలకు మూడు మిల్లీమీటర్లకు మించని కన్నులున్న ఇనుప జాలీ బిగిస్తే రవ్వలు లోపలికి రాకుండా చాలావరకు ఆగుతాయి.

రెండోది ఐదు నుంచి 30 అడుగుల దాకా. చెట్లు ఉండవచ్చు, కానీ కొమ్మలు ఇంటికప్పును తాకకూడదు. కింద ఎండుగడ్డి, దాని మీద పొద, పొద మీద వాలిన కొమ్మ ఇలా వరుసగా ఉంటే మంటకు నిచ్చెన వేసినట్టే. ఆ నిచ్చెన మెట్లను తీసేయాలి. నేలకు దగ్గరగా వేలాడే కొమ్మలను కొట్టేయాలి.

మూడోది 100 అడుగుల దాకా. ఇక్కడ గడ్డి పొట్టిగా ఉంటే చాలు. గడ్డివాము ఉంటే ఈ వలయంలో, ఇంటికి దూరంగా, గాలి వీచే దిక్కుకు ఎదురుగా కాక పక్కకు ఉండాలి. వాము చుట్టూ రెండు మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి మట్టి కనిపించేలా ఉంచాలి. వాలు మీద ఉన్న ఇళ్లకు దిగువ వైపు మరింత దూరం శుభ్రం చేయాలి, ఎందుకంటే మంట అటు నుంచే వేగంగా ఎక్కి వస్తుంది.

పూరిల్లు ఉన్నవారికి ఈ జాగ్రత్తలు మాత్రమే సరిపోవు. తాటాకు, రెల్లు కప్పు ఒక్క రవ్వకే అంటుకుంటుంది. అలాంటి ఇళ్లున్న గూడెంలో అందరికంటే ముందు బయలుదేరడమే సరైన రక్షణ.

పొగ మంట కంటే ముందు వస్తుంది

మంట పది కిలోమీటర్ల అవతల ఆగిపోవచ్చు. పొగ మాత్రం మన ఇంటికి వస్తుంది. అడవి పొగలో 2.5 మైక్రోమీటర్ల కంటే చిన్న కణాలు విపరీతంగా ఉంటాయి. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రోమీటర్లు. ఇంత సూక్ష్మమైన కణాలు ముక్కులో, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల లోతుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరగలవు. ఉబ్బసం ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు ముప్పు ఎక్కువ. 2020 సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టపగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగి దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. చుట్టుపక్కల కార్చిచ్చుల పొగ పైపొరల్లో పరచుకుని నీలి కాంతిని అడ్డుకోవడం వల్ల అలా జరిగింది.

తువ్వాలు, చీర కొంగు, మామూలు గుడ్డ మాస్కు బూడిదను కొంత ఆపుతాయి గానీ ఈ సూక్ష్మ కణాలను ఆపలేవు. ముఖానికి సందు లేకుండా అమరిన ఎన్95 మాస్కు సుమారు 0.3 మైక్రోమీటర్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని వడకడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులను మాత్రం అది ఆపదు. ఇంట్లో ఉండాల్సి వస్తే ఒక గదిని ఎంచుకుని తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు పెట్టాలి. ఆ గదిలో అగరువత్తులు, కట్టెల పొయ్యి, వేపుళ్లు వద్దు. వాడేవారికి ఇన్‌హేలర్ చేతికందేలా ఉండాలి.

ఇంకొక మాట. దట్టమైన పొగలో రోడ్డు కనిపించదు. మంట ఇంకా దూరంగానే ఉన్నా దారి మూసుకుపోవచ్చు. కాబట్టి బయలుదేరే సమయం లెక్కకట్టేటప్పుడు మంటతో పాటు పొగనూ చూసుకోవాలి.

సమయం లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో మంట ఉంది. గాలి ఊరివైపే వీస్తోంది. మంట గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో వస్తోంది. అంటే గంటన్నర సమయం ఉందనిపిస్తుంది. కానీ రవ్వలు మంట కంటే ఒకటిన్నర కిలోమీటరు ముందు పడుతున్నాయి అనుకుంటే, మొదటి రవ్వ ఊరు చేరడానికి ఉన్నది నాలుగున్నర కిలోమీటర్లే. అంటే సుమారు 67 నిమిషాలు.

ఇప్పుడు ఇంట్లో లెక్క. విషయం తెలిసి, నమ్మి, ఇంట్లోవారిని పిలుచుకోవడానికి 10 నిమిషాలు. కాగితాలు, మందులు, బట్టలు వెతకడానికి 30 నిమిషాలు. నడవలేని అమ్మమ్మను ఆటో ఎక్కించడానికి 15 నిమిషాలు. మామూలు రోజున పది నిమిషాలు పట్టే దారి, అందరూ ఒకేసారి బయలుదేరితే 30 నిమిషాలు. మొత్తం 85 నిమిషాలు. ఉన్న సమయం 67. ఈ కుటుంబం దారిలో చిక్కుకుంటుంది.

అదే కుటుంబం సంచి ముందే సర్ది ఉంచుకుంటే వెతుకులాట 30 నిమిషాలకు బదులు ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. మొత్తం 60 నిమిషాలు. బయటపడతారు, అదీ ఏడు నిమిషాల తేడాతో. ఆ ఏడు నిమిషాలు అసలు సరిపోవు. సిద్ధంగా ఉండటంతో పాటు త్వరగా కదలాలని నిపుణులు పట్టుబట్టేది ఇందుకే.

2016 మే 3న కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి దాదాపు 88 వేల మంది ప్రధానంగా ఒకే రహదారి మీదుగా బయటపడ్డారు. మంటల వల్ల నేరుగా ఒక్కరూ చనిపోలేదు. తరలింపు సమయంలో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఇద్దరు మరణించారు. మంట అంచు మీద ఉన్నా పొందికగా కదిలితే అది సాధ్యమే.

ఆదేశం కోసం ఎదురుచూడాలా?

కార్చిచ్చు ప్రాంతాల్లో ప్రభుత్వాలు హెచ్చరికలను మెట్లుగా ఇస్తాయి. కాలిఫోర్నియాలో 'ఎవాక్యుయేషన్ వార్నింగ్' అంటే ముప్పు రావచ్చు, సిద్ధంకండి అని. వృద్ధులు, పశువులు ఉన్నవారు అప్పుడే బయలుదేరాలని. 'ఎవాక్యుయేషన్ ఆర్డర్' అంటే ప్రాణాపాయం ఉంది, వెంటనే వెళ్లమని. ఆస్ట్రేలియాలో 'అడ్వైస్', 'వాచ్ అండ్ యాక్ట్', 'ఎమర్జెన్సీ వార్నింగ్' అనే మూడు మెట్లున్నాయి. చివరి మెట్టు వచ్చేసరికి కొన్నిసార్లు బయలుదేరడం కూడా ఆలస్యమైపోతుంది. అక్కడివారికి ఈ పదాల తేడా పిల్లల దాకా తెలిసి ఉండాలి.

అయితే హెచ్చరిక అందరికీ అందుతుందన్న హామీ లేదు. 2025 జనవరి 7 సాయంత్రం లాస్‌ఏంజెలెస్ దగ్గర ఈటన్ కార్చిచ్చు మొదలైంది. ఆల్టడీనా పట్టణం తూర్పు భాగానికి ఆ సాయంత్రమే ఆదేశాలు వెళ్లాయి. పడమటి భాగానికి తెల్లవారుజామున గాని వెళ్లలేదు. మృతుల్లో దాదాపు అందరూ పడమటి వైపువారే. 2023 ఆగస్టు 8న హవాయిలోని లహైనాలో సుమారు వంద మంది చనిపోయిన రోజున సైరన్లు మోగలేదు. సైరన్ వింటే సునామీ అనుకుని జనం కొండవైపు, అంటే మంటవైపే, పరుగెత్తుతారని భయపడ్డామని అధికారి ఒకరు తరవాత వివరణ ఇచ్చారు. విద్యుత్తు పోతే టీవీ ఉండదు, టవర్ కాలిపోతే ఫోను ఉండదు.

కాబట్టి ప్రతి ఇంటికీ తమదైన 'కదిలే గుర్తు' ఒకటి ముందే ఉండాలి. ఉదాహరణకు: ఎదురుగుట్ట మీద మంట కనిపిస్తే వెళ్లిపోతాం, ఇంటి మీద బూడిద రాలితే వెళ్లిపోతాం, రాత్రి పడుకునేముందు గాలి మనవైపు ఉంటే అమ్మమ్మను, పిల్లలను ముందే బంధువుల ఇంటికి పంపిస్తాం. ఆ గుర్తు కనిపించాక చర్చ ఉండకూడదు. చర్చ అంతా మార్చి నెల మొదట్లో, చల్లగా ఉన్నప్పుడు ముగిసిపోవాలి.

సంచిలో ఏమేం ఉండాలి?

గుమ్మం పక్కన ఒక సంచి వేసవి అంతా సిద్ధంగా ఉండాలి. అందులో:

• ఆధార్, రేషన్, బ్యాంకు, బీమా కాగితాలు, పట్టాదారు పాసు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు. ఇవి తడవని కవర్లో ఉండాలి. ఫొటోలు తీసి ఊళ్లో లేని బంధువుకు పంపి ఉంచితే మరీ మంచిది.
• రోజూ వేసుకునే మందులు కనీసం వారానికి సరిపడా, మందుల చీటీ, కళ్లద్దాలు.
• టార్చిలైటు, ఫోను చార్జరు, పవర్ బ్యాంకు, చిన్న రేడియో, కొంత నగదు.
• తాగునీరు, వండక్కరలేని తిండి, పసిపిల్లల పాలపొడి.
• ఒక్కొక్కరికి ఒక జత నూలు బట్టలు, బూట్లు, ఎన్95 మాస్కు, ఒక ఉన్ని లేదా మందపాటి నూలు దుప్పటి.

బట్టల విషయం చిన్నదిగా అనిపిస్తుంది, కాదు. నైలాన్, పాలిస్టర్ వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటాయి. నూలు, ఉన్ని కరగవు. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు లేదా పంచె, కాళ్లకు బూట్లు వేసుకుని బయలుదేరాలి. వేడిగా ఉందని చేతులు, కాళ్లు బయటపెడితే వికిరణ వేడి నేరుగా చర్మానికి తగులుతుంది.

బయలుదేరేముందు సమయం ఉంటేనే చేయాల్సినవి: గ్యాస్ రెగ్యులేటర్ ఆపి సిలిండరు వాల్వుకు మూత పెట్టడం; కిటికీలు, తలుపులు మూయడం; కర్టెన్లు తీసి సోఫాలు, పరుపులను గది మధ్యకు జరపడం. వెళ్తూ నల్లాలు తిప్పి వదిలేయకూడదు. అలా అన్ని ఇళ్లలో చేస్తే అగ్నిమాపక సిబ్బందికి అందాల్సిన నీటి ఒత్తిడి పడిపోతుంది. వాహనం ట్యాంకు వేసవిలో ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకోవాలి. ఊరి నుంచి బయటపడే దారులు రెండైనా తెలిసి ఉండాలి. వాటిలో ఒక్కటైనా కొండ ఎక్కనిది అయితే మేలు.

పశువులు, ముసలివారు, ఒంటరివారు

జనం ఆగిపోవడానికి, వెళ్లినవారు తిరిగి వెనక్కి రావడానికి ఒక పెద్ద కారణం పశువులు. పాడిగేదెను వదిలి వెళ్లమంటే ఆ కుటుంబం బతుకుతెరువును వదలమన్నట్టే. అందుకే పశువులను ముందు రోజే తరలించాలి. ఊరి చెరువు గట్టు, దున్నిన పొలం, మేత పూర్తిగా అయిపోయిన బీడు వంటి చోటును ఊరందరూ కలిసి ముందే ఎంచుకోవాలి. అంత సమయం లేకపోతే పలుపు విప్పి దొడ్డి గేటు తెరిచి వదలాలి. కట్టేసిన పశువు ఎటూ పోలేదు. విప్పిన పశువుకు ఒక అవకాశం ఉంటుంది.

పారడైజ్ మృతుల వయసు చెప్పే విషయం మరొకటి ఉంది. వాహనం లేనివారు, మంచం దిగలేనివారు, ఫోను వాడలేనివారు ఆఖరుకు మిగిలిపోతారు. ప్రతి వీధిలో ఇలాంటివారు ఎవరెవరున్నారో, ఎవరి బండిలో ఎవరు వెళ్లాలో పేర్లతో రాసి పెట్టుకోవడం ఏ యంత్రం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ పనిని పంచాయతీ, స్వయం సహాయక సంఘాలు, ఆశా కార్యకర్తలు ఒక పూటలో చేయగలరు.

దారి మూసుకుపోతే

అన్నీ చేసినా మంట ముందుకు వచ్చేయవచ్చు. అప్పుడు లక్ష్యం మారుతుంది: ఊరు దాటడం కాదు, కాలే వస్తువు లేని చోటికి చేరడం. పారడైజ్‌లో వెయ్యి మందికి పైగా పార్కింగ్ స్థలాలు, తారు వేసిన విశాల ప్రదేశాల వంటి తాత్కాలిక ఆశ్రయాల్లో నిలబడి బతికారని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ జరిపిన పరిశీలనలో తేలింది. మన ఊళ్లలో ఆ పాత్ర చెరువు, వాగు ఇసుక, దున్నిన పొలం, బడి మైదానం పోషిస్తాయి.

కాలినడకన చిక్కుకుంటే కొండపైకి పరుగెత్తకూడదు. లోయ చీలికల్లోకి దిగకూడదు. అవి పొగగొట్టాల్లా పనిచేసి వేడిని పైకి లాగుతాయి. మంట దారికి అడ్డంగా, పక్కకు, దిగువకు కదలాలి. ఇప్పటికే కాలి ఆరిన నేల అన్నిటికంటే భద్రం, ఎందుకంటే అక్కడ ఇంధనం మిగల్లేదు. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానాలో మాన్‌ గల్చ్ అనే చోట మంటలార్పే దళంలో 13 మంది చనిపోయారు. దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ ముందున్న గడ్డికి తానే నిప్పంటించి, అది కాలిన నేల మీద బోర్లా పడుకుని బతికాడు. ఇది శిక్షణ పొందినవారి చివరి మార్గం. గాలి తెలియనివారు చేస్తే ఇతరుల ప్రాణాలు పోతాయి. దాని వెనక ఉన్న సూత్రం మాత్రం అందరికీ పనికొస్తుంది: నల్లగా కాలిన చోటుకు మంట రెండోసారి రాదు.

కారులో చిక్కుకుంటే గడ్డి, చెట్లు లేని చోట ఆపి, హెడ్‌లైట్లు వేసి, కిటికీలు, గాలి కంతలు మూసి, కిటికీ కంటే కిందికి వంగి, ఉన్ని దుప్పటి కప్పుకోవాలి. మంట ముఖం దాటిపోయేదాకా దిగకూడదు. ఇది కూడా చివరి మార్గమే. కారు లోహపు డబ్బా కాబట్టి రక్షిస్తుందని ముందుగా నమ్ముకోవద్దు.

మన అడవులు, మన పరిస్థితి

మన దేశంలో అడవుల్లో 36 శాతం దాకా తరచుగా మంటల బారిన పడేవేనని భారత అటవీ సర్వేక్షణ సంస్థ అంచనా. 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు ఉపగ్రహాలు 2 లక్షలకు పైగా మంట బిందువులను గుర్తించాయి. ఒకే మంటను పలు బిందువులుగా గుర్తించే అవకాశం ఉంది కాబట్టి ఇది మంటల సంఖ్య కాదు. మన మంటల్లో ఎక్కువ భాగం నేల మీద ఆకులను కాలుస్తూ పోయేవి. కాలిఫోర్నియాలో లాగా చెట్ల కొనల మీదుగా దూకేవి తక్కువ. అందుకే పట్టణాలకు పట్టణాలు ఖాళీ చేసే పరిస్థితి ఇక్కడ అరుదు. ప్రాణనష్టం లేదని మాత్రం కాదు. 2024 జూన్‌లో అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పడానికి వెళ్లిన అటవీ సిబ్బంది నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది. యాత్రికులతో కిటకిటలాడే కొండమీద ఖాళీ చేసే పథకం ఎంత అవసరమో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఇక్కడి మంటలకు మూలం ఎక్కువగా మనిషే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికాకు కొత్త చిగురు కోసం నిప్పుపెట్టడం, పోడు, మేత, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క. ఆకులను కాల్చకుండా చీపురుతో ఊడ్చి, చెట్టు కింద వల లేదా పాత చీర పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, అడవీ నిలుస్తుంది.

అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలు పంపే మంట సమాచారాన్ని ఎస్సెమ్మెస్ ద్వారా అందిస్తోంది. సాధారణ ప్రజలు కూడా నమోదు చేసుకోవచ్చు. అయితే ఉపగ్రహం రోజులో కొన్నిసార్లే మన మీదుగా పోతుంది, మేఘం అడ్డు వస్తే చూడలేదు. మధ్యలో పుట్టిన మంటను మొదట చూసేది ఊరివారే. కనిపించిన వెంటనే అటవీ సిబ్బందికి గాని, 112కు గాని చెప్పాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి 'సచేత్' యాప్‌లో వాతావరణ, విపత్తు హెచ్చరికలు తెలుగులోనూ చూడవచ్చు.

తిరిగి వచ్చాక

మంట ఆరిందన్న కబురు వచ్చినా అధికారులు అనుమతించేదాకా వెనక్కి వెళ్లకూడదు. చెట్టు మొదళ్లు, వేళ్లు నేలలో రోజుల తరబడి రగులుతుంటాయి; పైన తెల్లటి బూడిద, కింద నిప్పుల గుంట. అడుగేస్తే కాలు దిగబడుతుంది. సగం కాలిన చెట్లు గాలి లేకుండానే కూలుతాయి. తెగిన విద్యుత్ తీగలుంటాయి. ఇంటికప్పు సందుల్లో, గడ్డివాము లోపల రవ్వలు గంటల తరవాత మళ్లీ రాజుకుంటాయి కాబట్టి మొదటి రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. బూడిదను చీపురుతో ఊడ్చితే గాలిలో కలుస్తుంది. నీళ్లు చల్లి, మాస్కు, చేతితొడుగులు వేసుకుని ఎత్తాలి.

ఆ తరవాత వానాకాలం వస్తుంది. వేళ్లు కాలిపోయిన వాలు మట్టిని పట్టి ఉంచలేదు. కొన్నిచోట్ల కాలిన నేల పైపొర నీటిని ఇంకనివ్వదు. కాలిఫోర్నియాలోని మాంటెసిటోలో 2017 డిసెంబరులో కొండలు కాలాయి; 2018 జనవరి 9న కురిసిన వానకు ఆ కొండల బురద, బండరాళ్లు ఊరి మీద పడి 20 మందికి పైగా చనిపోయారు. కాబట్టి వేసవిలో కాలిన గుట్ట కింద ఉన్నవారు తొలకరికి మరోసారి సంచి సర్దుకోవాలి.

ఈ పనులన్నీ ఒక్క రోజులో చేయాల్సినవి కావు. ఈ వారం చూరు కింద ఆకులు ఊడవండి. వచ్చే వారం కట్టెల మోపును గోడకు దూరంగా జరపండి. ఒక ఆదివారం కుటుంబమంతా కూర్చుని కదిలే గుర్తు ఏమిటో, ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో మాట్లాడుకోండి. గడియారం పెట్టుకుని ఒకసారి నిజంగానే బయలుదేరి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో గోడ మీద రాసుకోండి. ఆ అంకె పెద్దదిగా ఉంటే దాన్ని తగ్గించుకోవడానికి మంట లేని రోజులే సమయం.